ఎర్ర లైటు వెలిగితేనే సౌండా?

సూళ్లూరుపేటలోనే కాదు, గూడూరు నుంచి తడ దాకా ఎక్కడైనా సరే, మైకు సెట్టు బేరం ఒకే ప్రశ్నతో మొదలవుతుంది. ‘‘బాక్సులెన్ని పెడతావన్నా?’’ రెండో ప్రశ్న, ‘‘ఎన్ని వాట్లు?’’ మూడో ప్రశ్న అడిగినవాళ్లను నేను చూడలేదు. మిక్సర్ దగ్గర కూర్చునేది ఎవరు, అతనికి పని తెలుసా, కార్యక్రమానికి ముందు సరిచూసుకోవడానికి ఎంతసేపు దొరుకుతుంది అన్నవి బేరంలోకే రావు.

ఈ బేరం వెనక గట్టి నమ్మకం ఒకటుంది. సౌండంటే గట్టిగా వినపడటం. మిక్సర్ మీద ఎర్ర లైట్లు టపటపా కొట్టుకుంటే సెట్టు దుమ్ము లేపుతున్నట్టు. ఆకుపచ్చ దగ్గరే ఆగిందంటే ఆపరేటరు పిరికివాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాడు పట్నం సోకులు నేర్చినవాడు. గాయకుడి కాళ్ల దగ్గర పెట్టే మానిటరు ఆయన గొప్ప కోసం. మీటర్లెందుకు, చెవుల్లేవా? దీన్ని నమ్మేవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కారు. ఎండలో వానలో సెట్లు మోసి, అర్ధరాత్రి వైర్లు చుట్టుకుని ఇంటికెళ్లేవాళ్లు, వాళ్లను నమ్మి డబ్బులిచ్చే కమిటీ పెద్దలు. వాళ్ల వాదనలకు వాటి కారణాలు వాటికున్నాయి. ఆ కారణాలు నిలబడేవి కావని నా వాదన.

ముందు ఎర్ర లైటు సంగతి. మిక్సర్‌లో ప్రతి మైకు వరసకూ పైన గెయిన్ నాబ్, కింద ఫేడర్ ఉంటాయి. రెండూ సౌండు పెంచేవే కదా, ఏది తిప్పితే ఏం అనుకోవడం దగ్గరే మొత్తం చెడుతుంది. మామూలు డైనమిక్ మైకు నుంచి వచ్చే సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది. మిక్సర్ లోపలి సర్క్యూట్లు సుఖంగా పనిచేసేది సుమారు 1.23 వోల్టుల దగ్గర. పెద్ద మిక్సర్ల మీటరు మీద సున్నా అని రాసి ఉండేది ఆ చోటునే. మిల్లీవోల్టులను ఆ సున్నా దాకా తేవడం గెయిన్ పని. అక్కడి నుంచి జనానికి ఎంత పంపాలన్నది ఫేడర్ పని.

సున్నాకు పైన మంచి మిక్సర్‌లో ఇంకో 18, 20 డెసిబెల్స్ జాగా ఉంటుంది. ఖాళీగా ఉంది కదా అని నింపేసే జాగా కాదది. పద్యం చివర నటుడు రాగం పైకి లాగినప్పుడు, డప్పు మీద గట్టి దెబ్బ పడినప్పుడు, ఆ క్షణం కోసం వదిలిపెట్టింది. ముందే దాన్ని నింపేసినవాడికి ఆ క్షణంలో పోయేందుకు చోటు లేక శబ్ద తరంగం శిఖరం తెగి చదునైపోతుంది. ‘సౌండు పగులుతోంది’ అని జనం అనేది దీన్నే. అప్పుడు ఆపరేటరు చేసేది ఫేడర్ దించడం. గెయిన్ దగ్గర పగిలిన గొంతు ఫేడర్ దించితే అతుక్కోదు. సన్నగా వినపడుతుంది, పగిలే వినపడుతుంది. విరిగిన పాలను చిన్న గిన్నెలోకి మార్చినట్టే.

పగిలిన సౌండుతో పోయేది వినేవాళ్ల సుఖం ఒక్కటే కాదు. శిఖరం తెగిన తరంగంలో సన్నని పై స్వరాల శక్తి అనవసరంగా పెరుగుతుంది. ఆంప్లిఫైయర్ కూడా తట్టుకోలేని చోట ఇది మరీ ఎక్కువ. ఆ బరువంతా పడేది బాక్సులో అన్నిటికంటే సుకుమారమైన ట్వీటర్ మీద. దాని కాయిల్ కాలాక మనవాళ్లు చెన్నై లోకల్ ఎక్కి రిచీ స్ట్రీటుకు పోతారు. ‘ఈ కంపెనీ మాలు నిలవడం లేదు’ అని దారి పొడుగునా తిట్టుకుంటూ కొత్తది కొని తెస్తారు. వచ్చే జాతరలో అదే గెయిను, అదే ఎర్ర లైటు. పాపం కంపెనీ.

దీనికి మందు మిక్సర్ లోపలే ఉంది. మన దగ్గర దుమ్ము పట్టి ఉండే బటన్లలో మొదటిది పీఎఫ్ఎల్. అది నొక్కితే ఆ ఒక్క మైకు ఫేడర్‌తో సంబంధం లేకుండా హెడ్‌ఫోన్‌కు, మీటరుకు వస్తుంది. జనానికి ఏమీ తెలియదు. ఫేడర్ పూర్తిగా దించి, ఈ బటన్ నొక్కి, గాయకుణ్ణి పాడమనాలి. ‘హలో, మైక్ టెస్టింగ్’ అనమనడం కాదు, ఆ రాత్రి పాడబోయే పాటల్లో అన్నిటికంటే గట్టి చరణం పాడమనాలి. హలో అన్న గొంతు చూసి గెయిన్ పెట్టినవాడు చరణం రాగానే ఎర్రలో పడతాడు. మీటరు సున్నా చుట్టూ ఆడుతూ, పెద్ద స్వరానికి పసుపులోకి ఎగిరి వెనక్కి వచ్చేట్టు పెట్టి, ఇక ఆ నాబ్‌ను వదిలేయాలి. కార్యక్రమం మధ్యలో గెయిన్ తిప్పితే జనానికి వెళ్లేదే కాదు, మానిటరుకు వెళ్లేదీ మారిపోతుంది. మైకు కుయ్‌మని కూయడం మొదలయ్యేది చాలాసార్లు అక్కడే.

చాలా మిక్సర్లలో ఎర్ర లైటు వెలిగేది సిగ్నల్ పగలడానికి మూడు డెసిబెల్స్ ముందు. అంటే అది ఆగమని చెప్పే లైటు. దాన్ని ‘బాగా నడుస్తోంది’ అని చదువుకుంటున్నాం. డిజిటల్ మిక్సర్లు వచ్చాక ఈ అలవాటు ఇంకా ప్రమాదం. పాత అనలాగ్ బోర్డు కొంచెం కొంచెంగా పాడవుతూ హెచ్చరిక ఇచ్చేది. డిజిటల్‌లో పై గీత దాటిన మరుక్షణం కరకరమని విరుగుతుంది, బతిమాలినా ఒప్పుకోదు.

ఫేడర్ విషయంలో ఇంకో చిన్న లెక్క ఉంది. సున్నా గీత దగ్గర వేలి వెడల్పు కదిపితే మారేది ఐదారు డెసిబెల్స్. కింది చివర అదే కదలికకు ఇరవై, ముప్పై మారిపోతాయి. గెయిన్ అతిగా పెంచినవాడి ఫేడర్లన్నీ అడుగుకు పోయి ఉంటాయి. అక్కడ గోరంత జరిపితే గాయకుడు మాయమవుతాడు, లేదంటే జనం మీద పడతాడు. ఆపరేటరు చేతిలో నేర్పు లేక కాదు, నేర్పు చూపించేందుకు చోటు లేక.

ఇక ‘చెవి చాలదా’ అన్న వాదన. ఈ మాట సూళ్లూరుపేటలో వినడం మరీ విడ్డూరం. రోజూ బస్సెక్కి శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి పోయే షార్ ఉద్యోగుల కాలనీలున్న ఊరిది. ప్రయోగం రోజు మేడలెక్కి చూస్తాం. రాకెట్ కళ్లకు కనపడిన సుమారు నిమిషానికి దాని మోత మన చెవికి చేరుతుంది. ఆ మోత ఎంత గొప్పగా ఉన్నా, దాన్ని విని ‘బాగా పోతోంది’ అని అక్కడ ఎవరూ తీర్పు చెప్పరు. తెర మీద అంకెలు చూసి చెబుతారు. కొలతను నమ్మి బతికే ఊళ్లో, మీటరు అలంకారమన్న మాట ఎలా చెల్లుతోందో నాకు అర్థం కాదు.

చెవి గొప్పదే. కానీ అది ఎక్కడుంది, ఎంతసేపటి నుంచి ఉంది అన్నది చూడాలి. మన మిక్సర్ టేబులు ఎక్కడ వేస్తారు? స్టేజీ పక్క, పరదా చాటున, బాక్సుల వెనక. సన్నని స్వరాలు బాక్సు ముందుకే పోతాయి, బేస్ మాత్రం అన్ని వైపులకూ పాకుతుంది. వెనక కూర్చున్న ఆపరేటరుకు వినపడేది గుమ్‌గుమ్‌మనే బేస్, మసకబారిన మాట. అతను నిజాయితీగానే ట్రెబుల్ పెంచుతాడు, ఇంకా పెంచుతాడు. ముందు వరసలో కూర్చున్న ముసలాయన చెవులు మూసుకుంటాడు. ఆ మైదానంలో ఒక్క శ్రోతకు కూడా వినపడని సౌండును విని మిక్స్ చేస్తున్న చెవి అది. ఎంత అనుభవమున్నా ఏం లాభం?

పైగా చెవి అలసిపోతుంది. అమెరికాలో పనిచోట్ల ఆరోగ్యాన్ని పరిశీలించే సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు ఉండవచ్చు. ఆపైన మూడేసి డెసిబెల్స్ పెరిగేకొద్దీ ఆ గడువు సగానికి సగం పడిపోతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంట. పెద్ద బాక్సుల పక్కన 100 ఏమంత పెద్ద అంకె కాదు. గంట గడిచేసరికి చెవి మొద్దుబారి, సన్నని స్వరాలు తగ్గినట్టు అనిపిస్తుంది. తగ్గింది సౌండు కాదు, చెవి. ఆపరేటరు మళ్లీ పెంచుతాడు. సాయంత్రం ఆరింటికి బాగున్న సెట్టు తొమ్మిదింటికి గొంతు చించుకుంటున్నదంటే కారణమిదే. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ఇంకో సంగతి కొలిచి చూపించారు. సౌండు తగ్గితే చెవికి బేస్ మిగతావాటికన్నా ఎక్కువగా తగ్గినట్టు అనిపిస్తుంది, పెంచితే ఎక్కువగా పెరిగినట్టు అనిపిస్తుంది. ‘పెంచితే బాగుంది’ అనిపించడంలో సగం ఈ కనికట్టే.

మీటరుతోనే అన్నీ అయిపోతాయని నేననడం లేదు. మీటరుకు మాట అర్థం కాదు. తబలా గొంతును మింగేసినా దానికి పట్టదు. వక్త ఏం చెబుతున్నాడో ఒక్క ముక్క తెలియకపోయినా మీటరు సున్నా దగ్గర చక్కగా ఆడుతూనే ఉంటుంది. ఏది ఎంత వినపడాలి అన్న తీర్పు చెవిదే, ఆ తీర్పు ఇంకెవరూ ఇవ్వలేరు. అయితే చెవి ఆ పని మీద ఉండాలంటే, ఏది పగులుతోంది, ఏది చాలడం లేదు అన్న కాపలా పని మీటరుకు అప్పగించాలి.

‘మా పెద్దలకు మీటర్లున్నాయా, అయినా పద్యాలు ఊరంతా వినపడలేదా’ అంటారు. వినపడ్డాయి. పాత పద్యనాటకాల్లో స్టేజీకి ఒకటో రెండో మైకులు, ఒక అహూజా ఆంప్లిఫైయరు, స్తంభానికి కట్టిన హారన్లు. నటుడు పద్యం ఎత్తుకునేటప్పుడు మైకు దగ్గరికి వచ్చేవాడు, రాగం పైకి పోతుంటే వెనక్కి జరిగేవాడు. ఫేడర్ ఆయన కాళ్లలో ఉండేది. మద్రాసు స్టూడియోల్లో పాత సినిమా పాటలు రికార్డు చేసినప్పుడూ గాయకులు, వాద్యాలవాళ్లు మైకుకు ఎంత దూరంలో నిలబడాలన్నదే సగం మిక్సింగ్. మైకులు తక్కువ కనుక మనుషులు జాగ్రత్తగా ఉండేవాళ్లు. అంతేకాదు, అదే కాలంలో రేడియో మీటర్ల మీదే నడిచింది. ఒక్కొక్కరు ఒక్కో కొలత వాడుతుంటే లైన్ల మీద లెవెళ్లు కుదరడం లేదని బెల్ ల్యాబ్స్, అమెరికా రేడియో సంస్థలు ఎన్‌బీసీ, సీబీఎస్ కలిసి వీయూ మీటరును ఖాయం చేసుకున్నది 1939లో. మద్రాసు ఆకాశవాణి కేంద్రం మొదలైన మరుసటి ఏడాది అది. కాబట్టి పెద్దల పేరు చెప్పి మీటరును తోసేయడం పెద్దలకే అన్యాయం.

ఇప్పుడు స్టేజీ అలాంటిది కాదు. 2001 నుంచి మన సూళ్లూరుపేట వైపు జరుగుతున్న ఫ్లెమింగో ఫెస్టివల్‌నే తీసుకోండి. 2025లో జనవరి 18 నుంచి 20 దాకా జరిగింది. అలాంటి పండుగ వేదిక మీద ఒకే సాయంత్రం ప్రసంగాలు, పిల్లల నృత్యాలు, సినిమా పాటలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నృత్యానికి పాట ఎవరి ఫోను నుంచో వస్తుంది, ఎంత గట్టిగా వస్తుందో ముందు తెలియదు. పీఎఫ్ఎల్ బటన్ ఉన్నది సరిగ్గా ఇలాంటి చోటు కోసమే. ఒకరు మాట్లాడుతుండగానే తర్వాతి పాటను హెడ్‌ఫోన్‌లో విని, లెవెల్ సరిచేసి సిద్ధంగా ఉంచుకోవచ్చు. మొదటి పది సెకన్లు జనం చెవులు పగలకొట్టి, ఆ తర్వాత దించే పద్ధతికి స్వస్తి చెప్పవచ్చు. (కొన్ని పెద్ద బోర్డుల్లో, పీఎఫ్ఎల్ లాంటిదే అయిన సోలో బటన్ నొక్కితే మిగతా మైకులన్నీ జనానికి కూడా ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. కొత్త బోర్డు ముందు కూర్చున్నవాడు అది ఏ రకమో ముందే కనుక్కోవాలి.)

ఇక మానిటరు. అపోహలన్నిటిలో నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇది. మానిటరు గాయకుడి గొప్ప కోసమట! తన గొంతు తనకు వినపడనివాడు శ్రుతి ఎలా పట్టుకుంటాడు? పెద్ద బాక్సులు ముందుకు తిరిగి ఉంటాయి. స్టేజీ మీదికి వచ్చేది వాటి వెనక మోత, ఎదురు గోడ తగిలి ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వని. దాన్ని పట్టుకుని పాడితే తాళం వెనకబడుతుంది. వినపడక గాయకుడు అరుస్తాడు, అరిస్తే శ్రుతి పైకి పోతుంది, మర్నాడు ‘ఆయన గొంతు పోయింది’ అంటాం.

గాయకుడు ‘మానిటర్ పెంచండి’ అంటాడు. ఆపరేటరు పెంచుతాడు. కుయ్‌మని కూత. దించుతాడు. గాయకుడు మళ్లీ సైగ చేస్తాడు. ఈ తంతు చూసి మానిటరే దండగని తేల్చేస్తారు. కూతకు కారణం మానిటరు ఉండటం కాదు, దాన్ని పెట్టిన తీరు. ష్యూర్ ఎస్ఎం58 లాంటి మైకులు (1966 నుంచి ప్రపంచమంతా వాడుతున్నవే, వాటి నకళ్లతో సహా) ముందు నుంచి బాగా వింటాయి, సరిగ్గా వెనక నుంచి చాలా తక్కువ వింటాయి. మానిటరు మైకు తోకకు ఎదురుగా ఉంటే ఎంతో పెంచుకోవచ్చు. పక్కకు పెడితే కూస్తుంది. గాయకుడు మైకు గుండును పిడికిట్లో మూస్తే ఆ గుణమే పోయి, మైకు అన్ని వైపుల నుంచీ వినడం మొదలుపెడుతుంది. చూడటానికి స్టైలుగా ఉంటుంది, కూత వినడానికి ఉండదు.

తెరిచి ఉన్న మైకుల లెక్క కూడా ఉంది. మైకుల సంఖ్య రెట్టింపైనప్పుడల్లా కూత రాకుండా పెంచుకోగలిగింది మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. ఎనిమిది మంది అతిథుల ముందు ఎనిమిది మైకులు తెరిచి పెడితే తొమ్మిది డెసిబెల్స్ ఊరికే పోయినట్టు. మాట్లాడేది ఒక్కరే. మిగతా ఏడింటి మ్యూట్ బటన్ నొక్కడానికి వాట్లేమీ ఖర్చు కావు.

మానిటరుకు పంపే ఆక్స్ నాబ్‌ల దగ్గర ఇంకో తప్పు కాపురముంటుంది. మానిటరుకు ప్రీ, ఎకోకు పోస్ట్ ఉండాలి. ప్రీ అంటే ఫేడర్‌తో సంబంధం లేనిది. జనానికి గొంతు పెంచినా తగ్గించినా గాయకుడి కాళ్ల దగ్గర మారదు. మన దగ్గర చాలాచోట్ల మానిటరు పోస్ట్‌లో, అంటే ఫేడర్‌తో పాటే మారేట్టు, ఉండిపోతుంది. చరణంలో ఫేడర్ కొంచెం పెంచగానే మానిటరూ పెరిగి కూస్తుంది. అక్కడ ఆపరేటరు భయపడి, ఇక పాటంతా ఫేడర్ ముట్టుకోడు. తిట్లు మాత్రం మైకుకు.

గాయకుడు పెంచమన్నప్పుడు పెంచడం ఒక్కటే దారి కూడా కాదు. అతని మానిటరులోంచి కీబోర్డు, ప్యాడ్లు తీసేస్తే చాలు, గొంతు దానంతటదే పైకి వస్తుంది. మానిటరులో ఎకో పెట్టడం అసలే వద్దు. ఈ సంగతులు తెలుసుకోవాలంటే ఆపరేటరు ఒక్కసారి స్టేజీ ఎక్కి గాయకుడు నిలబడే చోట నిలబడి వినాలి. హెడ్‌ఫోన్‌లో ఆక్స్ సోలో పెట్టి వినాలి. అందుకే మిక్సర్ మీద ఆ బటన్లు పెట్టారు.

వాట్ల పిచ్చి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, లెక్కలే చెబుతాయి. వెయ్యి వాట్ల సెట్టును రెండు వేలు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది పెరగాలి, అంటే పది రెట్ల వాట్లు. బయలులో దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్స్ పోతాయి. బాక్సుకు 5 మీటర్ల దూరంలో మొదటి వరస, 80 మీటర్ల దూరంలో చివరి వరస ఉంటే తేడా 24. చివరివాడికి 80 డెసిబెల్స్ అందాలంటే మొదటివాడు 104 భరించాలి. బాక్సులను ఎత్తు స్టాండ్ల మీద పెట్టడం, మైదానం మధ్యలో చిన్న బాక్సుల జత ఇంకోటి పెట్టి దానికి డిలే ఇవ్వడం (34 మీటర్లకు సెకనులో పదో వంతు) ఇంకో పది బాక్సులకన్నా చవక.

అన్నిటికంటే బలమైన వాదన చివర వస్తుంది: ‘‘ఇదంతా నిజమే నాయనా, కానీ జనం గట్టిగా కావాలంటున్నారు. తగ్గిస్తే కమిటీవాళ్లు డబ్బులు కోస్తారు.’’ ఆపరేటరు నోటి నుంచి ఈ మాట వచ్చినప్పుడు నాకు అతని మీద కోపం రాదు. తప్పు అతనిది కాదు. కానీ జనం అడుగుతున్నారన్నది నిజం కాదు. జనం అడిగేది మాట అర్థం కావాలని, పాట బాగుండాలని. మాట అర్థం కానప్పుడు ‘సౌండ్ రావట్లా, పెంచన్నా’ అని అరుస్తారు, ఎందుకంటే వాళ్లకు తెలిసిన మందు అదొక్కటే. బేస్ తగ్గించి, అక్కర్లేని మైకులు మూసి, గొంతును శుభ్రంగా పంపితే ఆ అరుపు రాదు. కావాలంటే ఒక్క కార్యక్రమంలో చేసి చూడండి.

అయినా గట్టిగానే కావాలంటే చట్టం అడ్డుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. మైకు పెట్టిన బహిరంగ స్థలం సరిహద్దులో ఆ ప్రాంత పరిమితికి 10 మించకూడదు, లేదా 75 దాటకూడదు, రెండిట్లో ఏది తక్కువైతే అది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట మైకు కూడదు. పండుగలకు పన్నెండు దాకా సడలించే అధికారం రాష్ట్రానికి ఉన్నా, అది ఏడాదికి పదిహేను రోజులకు మించి కాదు. సూళ్లూరుపేటలో కాళంగి నది ఒడ్డునున్న చెంగాలమ్మ గుడికి రాత్రి కూడా తలుపులు మూయరు, అది అమ్మవారి ఆనవాయితీ. ఆ వెసులుబాటు మైకుకు లేదు.

కాబట్టి ఈ మాట ఆపరేటర్లకు కాదు, బేరం మాట్లాడే కమిటీ పెద్దలకు, పెళ్లివారికి, చర్చి పెద్దలకు. ఈసారి రెండు బాక్సులు తగ్గించుకోండి. ఆ డబ్బుతో ఆపరేటరును మధ్యాహ్నమే రప్పించండి. మిక్సర్ టేబులు పరదా చాటున కాకుండా జనం మధ్యలో వేయించి, దాని చుట్టూ తాడు కట్టండి. గాయకులను గంట ముందు రమ్మని చెప్పండి, వచ్చేదాకా కార్యక్రమం మొదలుపెట్టకండి. ఇవి నాలుగూ చేసినా సౌండు బాగాలేకపోతే, అప్పుడు ఆపరేటరుకు డబ్బులు కోయండి.